దిగుడు లెక్క

బేకరీ వెనక తలుపు తెరుచుకునేసరికి
ఇంకా ఐదు కాలేదు.
లొవెన్నా ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి
మోచేతుల దాకా అంటిన పిండి దులుపుకుని
బూట్ల లేసులకి రెండేసి ముళ్లు వేస్తుంది.
రాత్రంతా నాలుగు వందల పాస్టీల అంచులు మడిచిన వేళ్లు
లేసుల్ని కూడా మడవబోయి ఆగాయి.

కార్న్‌వాల్ ఉత్తరపు ఒడ్డు. ఫిబ్రవరి.
గాలికీ రాత్రి నిద్రపట్టినట్టు లేదు.

మ్యాపులో చూస్తే
తీరం వెంబడి సన్నటి చుక్కల గీత,
అంతే.
దూరపు కొండలు నునుపన్నవాడు
వీటిని పడవలోంచి చూసుంటాడు.
ఇక్కడ ప్రతి వాగూ సముద్రంలోకి పోతూ పోతూ
కొండని నిలువునా కోసుకుపోయింది.
దిగాలి. చెక్కవంతెన దాటాలి. ఎక్కాలి.
ఊపిరి గూటికి చేరకముందే
మళ్లీ దిగాలి.
దిగిన ప్రతి అడుగునీ
అవతలి గట్టు వడ్డీతో వసూలు చేస్తుంది.

మే నెలలో ఇలాగే డెబ్బై కిలోమీటర్లు.
ఇప్పటికి ఆమె కాళ్లకి తెలిసినవి ఇరవై రెండు.

పెన్‌వారో దగ్గర మెట్లు నూట అరవై మూడు.
నూట అరవై నాలుగోది వానకి కొట్టుకుపోయింది.
పైకి వచ్చినప్పుడల్లా
జేబులోంచి ఒక నత్తగుల్ల రాతిగోడ మీదికి మారుతుంది.
మంగళవారం ఆరు మారాయి.
ఏడోది ఇంకా జేబులో ఉండగానే
పొట్టలోది బయటికొచ్చింది.
మెట్ల మీద కూలబడి కాసేపు ఏడ్చింది కూడా,
ఎవరూ లేరనుకుని.

డెంజిల్ ఉన్నాడు.
పాత తగరపు గని పొగగొట్టం పక్కన
కుక్కని తిప్పుతూ.
డెబ్బై ఆరేళ్లు. గని మూతపడ్డ రోజున
హెల్మెట్ ఇంటికి తెచ్చుకుని
అందులో ఉల్లికాడలు పెంచుకుంటున్నవాడు.

"పైకి చూస్తున్నావు, అదీ నీ జబ్బు" అన్నాడు,
పలకరింపు కూడా లేకుండా.
"మా తాతవాళ్లు షిఫ్టు దిగాక నిచ్చెనలెక్కి వచ్చేవాళ్లు,
ఈ సముద్రం కిందనుంచి. గంట పట్టేది.
వెలుతురు ఇంకెంత దూరమని చూసినవాడి చెయ్యి జారేది.
చేతిలో ఉన్న మెట్టు. తర్వాత చేతికొచ్చే మెట్టు.
అంతకుమించి నిచ్చెన లేదు."
అంత మాట అన్నందుకు తనే సిగ్గుపడ్డట్టు
కుక్కని తిట్టాడు.

ఆ రోజు ఏడో గుల్ల మారింది.
ఎనిమిదోది మారలేదు.

మార్చిలో ముళ్లపొదలు పసుపుపచ్చగా విరబూసి
గట్టంతా పచ్చికొబ్బరి వాసన.
ఎడమ బొటనవేలి గోరు నల్లబడి నల్లబడి
ఒకనాడు సాక్సుతో పాటు ఊడొచ్చింది.
కూతురు కెరెన్సా "ఛీ" అని
దాన్ని అగ్గిపెట్టెలో దాచుకుంది.

పరుగెత్తి పాలు తాగేకంటే
నిలబడి నీళ్లు తాగడం మేలంటారు.
ఈమె పరుగెత్తుతూ నీళ్లు తాగడం,
ఎక్కుతూ చల్లారిన పాస్టీ నమలడం,
నమిలినదాన్ని లోపలే ఉంచుకోవడం
నేర్చుకుంటోంది.

ఏప్రిల్‌లో, నలభై కిలోమీటర్ల రాత్రి,
పొగమంచు.
తలదీపం వెలుగు తెల్లగోడై ఎదురొచ్చింది.
ఆర్పేసింది.
కుడిపక్క రాతిగోడ, చేతికి తడిగా.
ఎడమపక్క ఏమీ లేదు.
ఆ ఏమీలేనిదాని అడుగున అలలు.
చేతికి తగిలిన రాయి. తర్వాత చేతికొచ్చే రాయి.
గనిలోకి దిగినట్టు
సముద్రం వైపు దిగింది.
వంతెన.
షిఫ్టు ముగిసి ఇంటికొస్తున్నట్టు
నూట అరవై మూడు ఎక్కింది.
పైన మనిషి లేడు, కుక్కా లేదు.
గోడమీద తడిమితే గుల్లలు, వరసగా, పది.
మొన్న తను వదిలినవి తొమ్మిది.

ఇంక రెండు వారాలుంది.
పరుగు తగ్గించు, పడుకో అంటోంది
ఫ్రిజ్ మీద అంటించిన కాగితం.

పిండిబల్ల ముందు నిలబడి
అంచు మడుస్తోంది, మడత మీద మడత.
బల్ల కింద మడమలు
వాటంతటవే లేస్తున్నాయి, వాలుతున్నాయి.
"ఒకచోట నిలబడలేవా?" అంది పక్కబల్ల మెలియర్.
"దిగుతున్నా, ఉండు" అంది లొవెన్నా
తలెత్తకుండానే.